చలి తెలియని బండి

అతోక్, కొండ మీద
అక్టోబరు

తమ్ముడు వాల్డింగ్‌కి,

క్షేమం అడగడానికి రాయడం లేదు. కింద ఉర్దనేతాలో ఎండకి కాళ్ళు చాపుకుని నువ్వు క్షేమంగానే ఉంటావు. ఈ ఉత్తరం బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నాను. దాంతో ఒక బస్తా సీమవంకాయలు కూడా. సీమవంకాయలు మీ ఆవిడకి, తిట్లు నీకు. తారుమారు చేసుకోకండి.

నాన్న పోయి ఏడాది నిండి మనం నల్లబట్టలు విప్పిన రోజున ఆ తెల్లకారు తాళాలు నా చేతిలో పెట్టి ఏమన్నావో గుర్తుందా? "పాతదే గానీ అక్కా, గుర్రం. కళ్ళు మూసుకుని ఎక్కు" అన్నావు. నేను కళ్ళు మూసుకునే ఎక్కాను. నా పెళ్ళికి కూడా రాని మనిషి, పోయేముందు నా పేరు తలుచుకుని కారిమ్మన్నాడంటే ఇంకేం చూస్తాను?

ఆ గుర్రం తెల్లారితే లేవదు. తాళం తిప్పితే దగ్గుతుంది, ఇంకోసారి తిప్పితే ఇంకాస్త దగ్గుతుంది. బతిమాలి లేపి బయల్దేరామా, పెద్ద మలుపు దగ్గరికొచ్చేసరికి వెక్కిళ్ళు పెట్టి ఆగిపోతుంది. ఒక పక్క లోయ, వెనక క్యాబేజీ లారీల హారన్లు. అదే మధ్యాహ్నం ఎండెక్కాక తీస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. బాగియోలో ఇద్దరు మెకానిక్కులకి చూపించాను. ఇద్దరూ మధ్యాహ్నమే చూశారు, ఇద్దరూ బండి లక్షణంగా ఉందన్నారు, ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు.

ఇది నా సుఖం కోసం కాదు. మినెర్వాకి జనవరిలో నెలలు నిండుతాయి. మొదటి కాన్పు కోసి తీశారు కదా, ఈసారి నొప్పులు మొదలైతే ఇంట్లో ఒక్క ఘడియ ఉంచొద్దని, పాత కుట్టు విడిపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. అల్లుడు గనిలో పని, వారానికోసారి వస్తాడు. జనవరి అంటే మాకు మంచు పడే నెల. నొప్పులు ఎండ చూసుకుని రావు. తెల్లవారుజామున బస్సుల్లేవు. నీ మేనకోడల్ని లారీలో క్యాబేజీల మీద పడుకోబెట్టి తీసుకెళ్ళమంటావా?

నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ బండికి పానా పెట్టినవాడు ఇగ్మే ఒక్కడే. ఏం చేశాడో, ఏం పీకాడో వెళ్ళి అడుగు.

ఇక్కడ చలి మొదలైంది.

నీ అక్క
పెటాంగ్


ఉర్దనేతా
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి మా ఆవిడ సీమవంకాయలు తిప్పి పంపేద్దామంది. అప్పటికే కూర పొయ్యి మీద ఉండబట్టి సరిపోయింది.

ఆ బండి నీకిచ్చే ముందు ఆదివారం నేను దగూపాన్ దాకా నడిపాను. పోతే పోయిందని చర్చిలో పూజ ఎగ్గొట్టి చేపల బజారుకి కూడా పోయి వచ్చాను. ఒక్కసారి దగ్గలేదు, తుమ్మలేదు. నాన్న దాన్ని ఎలా చూసుకున్నాడో నీకేం తెలుసు, నువ్విక్కడ ఉన్నావా? ఆదివారం ఆదివారం ఆయన చొక్కా విప్పి దాన్ని తోమేవాడు. అలాంటి బండి మీ చేతికొచ్చిన వారానికే చచ్చిందంటే తప్పెవరిది? బావ దాన్ని క్యాబేజీ లారీలా తోలుతున్నాడేమో చూసుకో. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వ్యవహారం.

ఇగ్మేని అడగమంటావు. ఏమని అడగను? ఇగ్మే మావాడికి జ్ఞానతండ్రి. ఫాదర్ గారి ముందు, బాప్తిస్మం నీళ్ళ తొట్టి దగ్గర వాణ్ణి తన చేతుల్లో ఎత్తుకున్నవాడు. అలాంటి మనిషి షెడ్డుకి పోయి "నువ్వు మా నాన్న బండిలో ఏం పీకావు" అంటే, ఆ మాటకి మందు లేదు. కొండ మీద మీకు ఎలాగో నాకు తెలీదు గానీ, ఇక్కడ అలా అడిగినవాడి ఇంటి గడప ఇంకెవరూ తొక్కరు.

గోరంతలు కొండంతలు చెయ్యడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. చలి, చలి, చలి. పెళ్ళయి వెళ్ళిన దగ్గర్నుంచీ ప్రతి ఉత్తరంలోనూ అదే పాట. బండి బాగానే ఉంది. మీ కొండే బాగోలేదు.

మినెర్వాకి పాలచేపలు పంపుతున్నాను, ముళ్ళు తీయించాను. దాన్ని జాగ్రత్తగా ఉండమను.

వాల్డింగ్


అతోక్
నవంబరు చివర

వాల్డింగ్,

"బండి బాగానే ఉంది, మీ కొండే బాగోలేదు" అని రాసిన కాగితం చింపలేదు. మడిచి దాచాను. ఎప్పుడో నీ నోట్లో కుక్కడానికి పనికొస్తుంది.

ఇప్పుడు ఇక్కడ జరిగింది విను. మా అత్తకి కలొచ్చింది. జన్మలో ఎప్పుడూ చూడని మా నాన్న ఆవిడ కలలోకొచ్చి, కారు బానెట్ మీద కూచుని చేతులు రుద్దుకుంటున్నాడట. పొద్దున్నే నన్ను లేపింది. "మీ నాన్నకి చలేస్తోందే. దుప్పటి అడుగుతున్నాడు. ఇవ్వందే బండి కదలనివ్వడు" అంది. మా దగ్గర పోయినవాళ్ళకి చలేస్తుంది. వాళ్ళు దుప్పటి అడుగుతారు, అడిగితే ఇవ్వాలి. ఇన్నేళ్ళూ నాకూ ఇది నవ్వులాటే. కానీ ఇంట్లో ఆవిడ మాటకి ఎదురెవరు? పందిని కోశారు. బియ్యం కల్లు పోశారు. పోయినవాళ్ళని పిలిచే ఊరి పెద్దాయన వచ్చి బానెట్ ముందు నిలబడి నాన్నని పేరు పెట్టి పిలిచాడు. నల్లచారల కొత్త దుప్పటి తెచ్చి సాయంత్రం బండి మీద కప్పారు.

తెల్లారి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకి స్టార్టయింది.

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. భక్తితో కాదు, ఒళ్ళు మండి. ఇప్పుడు మా అత్త ఊరంతా తిరిగి చెప్పుకుంటోంది. మీ బావ ఫౌస్తీనో నిమ్మకు నీరెత్తినట్టు కూచున్నాడు. "పందిని కోస్తే నడిచే బండికి మెకానిక్ ఎందుకే" అంటాడు. కింద నువ్వు, పైన ఈయన. మధ్యలో నేనూ, నిండు కడుపుతో నా కూతురూ.

సంత రోజు దుప్పటి మడిచి వెనక సీట్లో పెట్టి తెల్లవారుతుండగా బయల్దేరాను. పెద్ద మలుపు దగ్గర మళ్ళీ చచ్చింది. ఈసారి నేను తిట్టలేదు, ఆలోచించాను. కప్పితే లేచింది, తీస్తే పడుకుంది. నాన్న సంగతి దేవుడెరుగు, చలేస్తున్నది మాత్రం బండికి. అక్కణ్ణుంచి లా త్రినిదాద్ దాకా దిగుడే కాబట్టి, ఊపిరి బిగబట్టి బ్రేకు మీద కాలేసి దొర్లించుకుంటూ పోయాను. కూరగాయల మండీ దగ్గర లారీలు బాగుచేసేవాణ్ణి బానెట్ ఎత్తమన్నాను.

వాడు ఎయిర్ ఫిల్టర్ డబ్బా చుట్టూ తడిమి నవ్వడం మొదలెట్టాడు. డబ్బా పక్కన ఒక కన్నం. ఆ కన్నంలో సీసా బిరడా, దాని చుట్టూ నల్లటేపు. పక్కనే వేలాడే వైరు ప్లగ్గులో రంగు చారల పూస ఒకటి, గోరంత ఉంటుంది, రెండు కాళ్ళూ గుచ్చి టేపు చుట్టారు.

"అమ్మా, ఇక్కడ లోపలికెళ్ళే గాలి ఎంత వేడిగా ఉందో చూసే సెన్సర్ ఉండాలి. అది లేనే లేదు. దాని బదులు ఈ పూస, రెసిస్టరంటారు, ఇది పెట్టి ఇంజిన్ని మోసం చేశారు" అన్నాడు.

"ఏం మోసం?"

"చలిగాలికి పెట్రోలు ఎక్కువ పట్టాలి. ఈ పూసేమో ఎప్పుడడిగినా ఎండగా ఉంది, ఎండగా ఉంది అంటుంది. దాని మాట నమ్మి ఇంజిన్ తక్కువ తాగుతుంది, చస్తుంది. కింద ఊళ్ళలో అయితే ఇలాగే ఏళ్ళ తరబడి నడుస్తుందమ్మా. పెట్టినవాడు చేతకానివాడేం కాదు. ఇది కొండెక్కుతుందనుకోలేదు, అంతే."

ఇప్పుడు చెప్పు, నాది గోరంతని కొండంత చెయ్యడమా?

ఇంత పాత బండికి ఆ సెన్సర్ బాగియోలో దొరకలేదు. మీ ఉర్దనేతాలో జపాను నుంచొచ్చిన పాత సామాన్ల కొట్లు రోడ్డు పొడుగునా ఉన్నాయి. వెతుకు. వెతికే ముందు ఇగ్మేని అడుగు. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఆ సామెత నీకూ తెలుసు, నేను రాయక్కర్లేదు.

పెటాంగ్


ఉర్దనేతా
డిసెంబరు

అక్కా,

అడిగాను. ఇగ్మే ఏమీ అనుకోలేదు. సెన్సర్ తనే ఇచ్చాడు. కండక్టరు చేతిలో పొగాకు డబ్బాలో ఉంది, పత్తి చుట్టి పెట్టాను. బిగించుకో.

నీకు కావలసింది బండి నడవడం. నడుస్తుంది. ఆ పూస ఎవడు పెట్టాడు, ఎందుకు పెట్టాడు, కొండెక్కుతుందనుకున్నాడా లేదా, ఇవన్నీ తవ్వకు. ఒక లారీ మెకానిక్ ఏదో అన్నాడని పట్టుకుని కూచోకు. సంగతి ఇంతటితో వదిలెయ్యి. నిజంగా చెప్తున్నాను, వదిలెయ్యి.

వాల్డింగ్


అతోక్
డిసెంబరు, మంచు పడిన రోజు

వాల్డింగ్,

నువ్వు పంపినది పట్టలేదు. పట్టదు కూడా. అది ఇంజిన్లో నీళ్ళ వేడి చూసే సెన్సరట. కన్నం ఒక సైజు, దీని మర ఇంకో సైజు. మండీ మెకానిక్ చేతిలో తిప్పి చూసి, "మీ తమ్ముడికి నీళ్ళకీ గాలికీ తేడా తెలీదా అమ్మా" అన్నాడు. నలుగురు లారీ డ్రైవర్లు విని నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గుతో.

నలభై ఏళ్ళుగా ఇంజిన్లలో చేతులు పెట్టే ఇగ్మే ఇది ఇచ్చాడంటే నేను నమ్మను. నువ్వు అతన్ని అడగలేదు. అతని షెడ్డు మీదుగా తలొంచుకుని పోయి, ఏ కొట్లోనో వేలు పెట్టి చూపించి ఏదో కొనుక్కొచ్చావు. అవునా కాదా?

ఈ తెల్లారి లేచేసరికి మడులన్నీ తెల్లగా ఉన్నాయి. మంచు. ఎండ తగలగానే క్యాబేజీలు ఉడికించినట్టు నల్లబడ్డాయి. మీ బావ మడి గట్టు మీద కూచుండిపోయాడు. ఆయన్ని చూసి మినెర్వా కడుపు పట్టుకుని మెట్లు దిగబోతే నేను అరిచాను. ఇప్పుడు అది నాతో మాట్లాడటం లేదు. ఈ ఇంట్లో ఇప్పుడు నా మాట వినేది మా అత్త ఒక్కతే, ఆవిడ ఇంకో పంది అంటోంది.

నీ కుంపారే, నీ కొడుకుని ఎత్తుకున్న జ్ఞానతండ్రి, ఆయన మొహం చిన్నబోకూడదు. దానికోసం నీ మేనకోడలు పెద్ద మలుపు దగ్గర కుట్టు విడిపోయి చావొచ్చు. ఇదే కదా నీ లెక్క? కాదంటే కాదని రాయి.

ఒకటి చెప్తాను. నేనీ కొండ మీదికొచ్చి ఇరవై మూడేళ్ళు. నాన్న రాలేదు. నువ్వూ రాలేదు. బస్సు ఉంది, రోడ్డుంది, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి మా గుమ్మంలో దిగొచ్చు. చలేస్తోందని ప్రతి ఉత్తరంలో ఎందుకు రాశాననుకున్నావు? ఎవరైనా వచ్చి, "అవునే పెటాంగ్, నిజంగానే చలిగా ఉంది" అంటారని. ఆ పూసా నువ్వూ ఒక్కటే. ఎన్నిసార్లు చెప్పినా, ఎండగా ఉంది, ఎండగా ఉంది.

సరైన సెన్సర్ పంపు. లేకపోతే పంపనని రాయి, నేను ఇంకో దారి చూసుకుంటాను. అబద్ధం మాత్రం పంపకు.

పెటాంగ్


ఉర్దనేతా
క్రిస్మస్ ముందు

అక్కా,

తవ్వొద్దన్నాను. తవ్వావు. ఇక విను, తర్వాత నన్ననకు.

అవును, ఇగ్మేని అడగలేదు. కొట్లో కొన్నాను. నీ ఉత్తరం వచ్చాక నిన్న వెళ్ళాను. క్రిస్మస్ నవదినాల పూజ అయి, జనం షెడ్డు ముందు బిబింకా రొట్టెలు తింటుంటే, అందరి ముందే అడిగాను, "మా నాన్న బండిలో సెన్సర్ తీసి పూస పెట్టింది నువ్వేనా" అని. ఆయన చేతిలో రొట్టె కింద పెట్టాడు.

"నేనే" అన్నాడు. "బండి ఎక్కడుంది?"

"మా అక్క దగ్గర. అతోక్‌లో."

అప్పుడు ఆయన నన్ను తిట్టిన తిట్లు నీకు రాయలేను, ఈ ఉత్తరం బావ కూడా చదువుతాడు. "ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు కదరా" అన్నాడు. "నేను చెప్పాను కదరా" అన్నాడు.

ఉన్నాను అక్కా. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు గుర్తొచ్చింది. అందుకే ఇగ్మే పేరెత్తితే తప్పించుకున్నాను. అతని మొహమాటం కోసం కాదు, నీ కోసం.

నాన్న పోవడానికి మూడు నాలుగేళ్ళ ముందు సంగతి. ఆ సెన్సర్ విరిగిపోయింది. కొత్తది కావాలంటే మనీలా నుంచి తెప్పించాలి. ఇగ్మే పూస పెట్టి, బిరడా కొట్టి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "మామా, కింద తిరగడానికి ఇది చాలు. కూతుర్ని చూడ్డానికి కొండెక్కేట్టయితే మాత్రం చెప్పు, అసలుది తెప్పిస్తాను. దీంతో కొండెక్కితే చస్తావు."

నాన్న నవ్వాడు. "కొండెవడెక్కుతాడురా?" అన్నాడు.

అదే అక్కా. అంతే. నేను పక్కన నిలబడి విన్నాను. నేను కూడా నవ్వానేమో, గుర్తులేదు. పోయేముందు బండి నీకిమ్మన్నది కూడా ఆయనే, ఒట్టు. ఆ పూస సంగతి ఆయనకి అప్పుడు గుర్తుండి ఉండదు. నాకూ లేదు. ఉంటే పంపేవాణ్ణి కాదు. ఇప్పుడు తెలుసుకుని నువ్వేం బాగుపడ్డావు? నాన్న కారిచ్చాడన్న ఒక్క తృప్తీ నీకు లేకుండా చేసుకున్నావు.

ఇగ్మే అప్పటికప్పుడు మూడు పాత బండ్లు విప్పించి అసలు సెన్సర్ తీసి నా మొహాన కొట్టాడు. ఇదే అది. కింద ఒక వాషరుంది, పారెయ్యకు. చేత్తో తిప్పి చివర్న పానాతో కాస్తే బిగించమన్నాడు, ఎక్కువ బిగిస్తే డబ్బా పగులుతుందట. బిగించే ముందు బ్యాటరీ వైరు కాసేపు పీకి ఉంచమన్నాడు, ఇంజిన్ పాత లెక్కలు మర్చిపోవాలట. ఇన్నీ చెప్పి, "ఇంక నా షెడ్డుకి రాకు. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఎక్కే బండిని అలా కొండెక్కించావు. నన్ను హంతకుణ్ణి చేసేవాడివి" అన్నాడు. ఇరవై ఏళ్ళ స్నేహం. మావాడు ఈ పొద్దున ఆయన కాళ్ళకి మొక్కడానికి వెళ్తే, లోపలికి పిలిచి అన్నం పెట్టాడు గానీ నా మాట ఎత్తలేదట.

నీ మాట నెగ్గింది. సంతోషమా?

వాల్డింగ్


బాగియో, ఆసుపత్రి
జనవరి

తమ్ముడూ,

ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. పిల్ల అచ్చం మా అత్తలా మొహం ముడుచుకుని ఉంది.

ఇది ముందు చెప్పాను. ఇప్పుడు మిగతాది చెప్తాను, తొందరపడకు.

నీ ఉత్తరం చదివి, ఆ సాయంత్రం బానెట్ మీద దుప్పటి లాగి నేలకేసి కొట్టాను. "కొండెవడెక్కుతాడురా" అన్న మనిషికి దుప్పటా? పందా? మా అత్త వచ్చి దుప్పటి తీసి దులిపింది. నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. నా కన్నా ఆవిడకి ఎక్కువ కోపం వస్తుందనుకున్నాను.

"అన్నాడేమో" అంది. "మరి రోజూ ఈ బానెట్ మీద కూచుంటున్నదెవరు? వచ్చాడు కదే. చచ్చాక వచ్చాడు. కొందరంతే, కాళ్ళున్నప్పుడు రారు. అలవాటు లేదు కదా, అందుకే చలేస్తోంది." మళ్ళీ కప్పింది. నేను కప్పలేదు, అది నువ్వు గుర్తుంచుకో. నాకు ఆయన మీద కోపం పోలేదు. పోతుందో లేదో తెలీదు.

సెన్సర్ నేనే బిగించాను. ఫౌస్తీనోని పానా ముట్టుకోనివ్వలేదు. బిరడా పీకితే టప్పుమని ఊడొచ్చింది. ఇగ్మే చెప్పినట్టే వాషర్ వేసి, చేత్తో తిప్పి, చివర్న కాస్త బిగించి, పూస లాగి పారేసి ప్లగ్గు తగిలిస్తే టక్కుమంది. ఇన్ని నెలల గొడవ, నా బొటనవేలంత లేదు ఆ సెన్సర్.

నొప్పులు ఏ వేళకి వచ్చాయో నీకు చెప్పక్కర్లేదు. మడులన్నీ తెల్లగా ఉన్నాయి. అద్దం మీద మంచు గరిటెతో గీకాను. మినెర్వాని వెనక సీట్లో పడుకోబెట్టాం, అది వణుకుతోంది. అప్పుడు మా అత్త బానెట్ దగ్గరికెళ్ళి, దుప్పటి పట్టుకుని, "ముసలాయనా, కాసేపు అప్పివ్వు. నీ మనవరాలికే" అని అడిగి తీసుకొచ్చి దాని మీద కప్పింది. నాన్నకి కప్పింది లేదు, బండి మీద ఏమీ లేదు, ఒట్టి మంచు. నేను తాళం తిప్పాను.

ఒక్క తిప్పుకి లేచింది.

పెద్ద మలుపు దగ్గర నేను నోరు మూసుకుని మరియమ్మకి ఎన్ని మొక్కుకున్నానో, అవన్నీ తీర్చాలంటే నువ్వు పాలచేపలు చాలానే పంపాలి. బండి ఆగలేదు. దగ్గను కూడా లేదు. పాత కుట్టు అప్పటికే పలచబడిందట. ఇంకాస్త ఆలస్యమైతే తెచ్చినా లాభం లేకపోయేదని డాక్టరమ్మ అంది. ఫౌస్తీనో గోడ పట్టుకుని కూలబడ్డాడు. నేను కూలబడలేదు. నాకు కూలబడటానికి తీరికేది?

ఇప్పుడు నీ సంగతి. నీ మీద కోపం పోలేదు. నువ్వు దాచింది నా కోసమే అని నమ్ముతాను. కానీ నువ్వు దాచినన్నాళ్ళూ నా కూతురు పెద్ద మలుపు మీదే ఉంది. అది మర్చిపోకు.

ఈస్టరయ్యాక పిల్లకి బాప్తిస్మం. జ్ఞానతండ్రి ఎవరని మినెర్వా అడిగింది. ఇగ్మే అన్నాను. అది నీ వంతని అందరూ అనుకుంటున్నారని నాకు తెలుసు. ఆలోచించే అన్నాను. ఆ రోజు ఆ షెడ్డులో ముగ్గురున్నారు. నా తండ్రి, నా తమ్ముడు, ఒక పరాయివాడు. నన్ను చూడ్డానికి ఎవరైనా కొండెక్కవచ్చని అనుకున్నవాడు ఆ పరాయివాడొక్కడే.

ఆయన నీతో మాట్లాడటం లేదు కాబట్టి, ఈ మాట వెళ్ళి చెప్పాల్సింది నువ్వే. షెడ్డుకి రావొద్దన్నాడు కదా, వెళ్ళు. నాలుగు తిడతాడు, పడు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీట్లో రండి.

ఉత్తరంలో ఆ పూస పెట్టాను. జేబులో ఉంచుకో. దాన్ని మాత్రం ఏమీ అడక్కు, అది ఇప్పటికీ ఎండగా ఉందనే అంటుంది. నువ్వు మందపాటి స్వెటరు తెచ్చుకో, ఇగ్మేకి లేకపోతే నాన్నది ఇవ్వు, ఆయన ఎప్పుడూ వేసుకోలేదు. ఇక్కడ చలిగా ఉంది.

నీ అక్క
పెటాంగ్